తలుపేసుకుని పాడిన పాట

ఆ రోజు జుట్టు జిడ్డుగా ఉంది, మంచం దిగబుద్ధి కాలేదు. ఈ సంగతి తర్వాత ఆ అమ్మాయే చెప్పుకుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తనే రాసి పాడిన ‘ప్రెటీ గర్ల్’ పాటకు పెదవులు కదిపింది. మధ్యలో చల్లద్దాలు పెట్టుకుంది, చేతికందిన బొమ్మల్ని ఆడించింది. 2017 ఆగస్టులో ఆ వీడియోని యూట్యూబ్‌లో పెట్టేసింది. కోట్లసార్లు చూశారు జనం. అసలు పేరు క్లెయిర్ కాట్రిల్, పాటల్లో క్లైరో. అమెరికాలో మసాచుసెట్స్‌లోని కార్లైల్ అనే చిన్న ఊళ్లో పెరిగి, అప్పుడే కాలేజీలో చేరబోతోంది.

ప్రేమించినవాడికి నచ్చడం కోసం తనను తాను ఎంత మార్చేసుకుందో చెప్పే పాట అది. అలాంటి మాట పదిమంది ఎదుట గొంతెత్తి పాడేది కాదు, గొణుక్కునేది. గొణుగుడు పాట కావాలంటే తలుపేసుకునే గది కావాలి, ఆ గదిలో పట్టే రికార్డింగ్ యంత్రమూ కావాలి.

ఆ యంత్రం 1979లో వచ్చింది. జపాన్ కంపెనీ టియాక్ తయారుచేసిన పోర్టాస్టూడియో 144. మామూలు క్యాసెట్‌లో ఈ వైపు రెండు ట్రాకులు, తిప్పి వేస్తే ఆ వైపు రెండు. ఈ యంత్రం ఆ నాలుగింటినీ ఒకే దిశలో, రెట్టింపు వేగంతో వాడుకుంది. దాంతో గిటారు ఒక దాంట్లో, గొంతు ఇంకో దాంట్లో వేసుకుంటూ ఒక్కరే పాట మొత్తం కట్టుకోవచ్చు. 1982 జనవరిలో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని ఇంట్లో దాని మీదే కొన్ని పాటలు పాడుకున్నాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో పాడితే ఆ పాటల్లో ప్రాణం పోయింది. చివరికి, పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగిన ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ అయింది. 2004లో యాపిల్ గరాజ్‌బ్యాండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చాక ఆ నాలుగు ట్రాకుల పెట్టె కూడా కంప్యూటర్లోకి దూరిపోయింది.

తమాషా ఏమిటంటే, ‘ప్రెటీ గర్ల్’ మొదట చేరింది కూడా ఒక క్యాసెట్‌లోకే. ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం పోరాడే సంస్థకు నిధులు కూర్చే పాటల సంకలనం అది.

పేరు రాగానే పుల్లవిరుపు మాటలూ మొదలయ్యాయి. తండ్రి పెద్ద కంపెనీల్లో మార్కెటింగ్ అధికారి, ఆయన పరిచయాలే పిల్లను పైకి తెచ్చాయన్నారు. పరిచయాలు ఒప్పందాల దాకా తీసుకెళ్తాయి, కాదనను. కానీ ఆ జిడ్డు జుట్టుతో కెమెరా ముందు కూర్చోమని ఏ మార్కెటింగ్ మనిషీ సలహా ఇవ్వడని నా నమ్మకం.

2019లో మొదటి ఆల్బమ్ ‘ఇమ్యూనిటీ’ వచ్చింది. ఈసారి పక్కన రోస్తమ్ లాంటి అనుభవజ్ఞుడైన నిర్మాత ఉన్నాడు, నిజమైన డ్రమ్ములు ఉన్నాయి. మొదటి పాట ‘ఏల్‌వైఫ్’. ఎనిమిదో తరగతిలో చచ్చిపోదామనుకున్న రాత్రి తనను కాపాడిన స్నేహితురాలి కోసం రాసింది. ఏల్‌వైఫ్ అన్నది బోస్టన్ మెట్రో రెడ్ లైన్‌లో ఆఖరి స్టేషన్ పేరు. ఇంత సరంజామా మధ్య కూడా ఆ పాటను, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నారన్నట్టే పాడింది.