సౌత్‌సీ గజ ఈతగాళ్ళు

చరిత్ర అనగానే మనకు శాసనాలు, తాళపత్రాలు, శిథిలమైన కోటగోడలు స్ఫురిస్తవి. సముద్రగర్భంలో కూడ చరిత్ర నిక్షిప్తమై ఉన్నది. దానిని వెలికితీసే ఘనత పండితులకే కాక, వినోదంగా నీట మునిగే సామాన్య పౌరులకు కూడ దక్కగలదనడానికి ఇంగ్లండు దక్షిణ తీరంలోని ఒక స్థానిక సంఘం చక్కని నిదర్శనం.

సౌత్‌సీ పోర్ట్స్‌మత్ నగరంలో ఒక భాగం. 1545 జూలై 19వ తేదీన ఎనిమిదవ హెన్రీ రాజు అక్కడి కోటనుండి చూస్తుండగా, ఫ్రెంచి నౌకాదళాన్ని ఎదుర్కొనబోయిన ఆయన యుద్ధనౌక ‘మేరీ రోజ్’ ఒక ప్రక్కకు ఒరిగి మునిగిపోయినది. అందులోని దాదాపు 500 మందిలో బ్రతికి బయటపడినవారు సుమారు 35 మంది. 1836లో తమ వలలు అడుగున దేనికో చిక్కుకొంటున్నవని జాలరులు చెప్పగా, డీన్ సోదరులు నీట దిగి కొన్ని ఫిరంగులను పైకి తీసినారు. పిమ్మట లోకం ఆ నౌకను మరల మరచినది.

గాలిబుడ్డిని వీపున కట్టుకొని నీటి అడుగున స్వేచ్ఛగా సంచరించే సాధనాన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ రూపొందించినారు. 1953లో లండనులో బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్బు వెలసినది. ఊరూర ఏర్పడిన దాని శాఖలలో సౌత్‌సీ శాఖ ఒకటి.

1965లో అలెగ్జాండర్ మెకీ అనే రచయిత ఈ శాఖవారితో కలిసి, సోలెంట్ జలసంధిలో మునిగిన ఓడల అన్వేషణకు పూనుకొన్నారు. 1841 నాటి ఒక పటం మేరీ రోజ్ ఉన్న తావును సూచించినది. లోతు సుమారు 40 అడుగులే. కాని నీరు బురదమయం, పోటుపాటులు బలమైనవి. 1967లో ధ్వనితరంగాల పరికరం బురద క్రింద ఏదో పెద్ద ఆకారమున్నదని తెలిపినది.

ఆచూకీ తెలిసినకొద్దీ దొంగల భయం పెరిగినది. శిథిలనౌకలను రక్షించే చట్టం అక్కడ 1973లో గాని రాలేదు. అందుచేత అన్వేషకులు ఒక కమిటీగా ఏర్పడి, 1968లో ఆ సముద్రతలాన్ని సాలుకు ఒక్క పౌను చొప్పున కౌలుకు తీసికొన్నారు! నీటి అడుగు నేలను కౌలుకు పుచ్చుకొన్న రైతులు వీరు. 1971 మే 5వ తేదీన పెర్సీ ఆక్లండ్ అనే ఈతగానికి ఓడ కొయ్యదూలాలు కనిపించినవి.

దొరికినదానిని పెరికి పంచుకొనక, వారు శాస్త్రజ్ఞుల మార్గదర్శకత్వాన్ని అంగీకరించడమే ఈ కథలోని గొప్పతనం. పురాతత్త్వవేత్త మార్గరెట్ రూల్ తన కంటితో చూచి నిర్ణయించడానికై స్వయంగా నీట మునగడం నేర్చినారు. 1979లో ట్రస్టు ఏర్పడినది. ఆపై 500 మందికి పైగా స్వచ్ఛంద సేవకులు దాదాపు 28,000 పర్యాయాలు నీట దిగినారు. విండ్లు, వైద్యుని పెట్టె, దువ్వెనలు, ఒక కుక్క అస్థిపంజరం మొదలుగా 19,000కు పైగా వస్తువులు లభించినవి. 1982 అక్టోబరు 11వ తేదీన ఓడ పైకి వచ్చినది. బురదలో కూరుకొని, ప్రాణవాయువు సోకని కుడిప్రక్కయే అధికంగా మిగిలినది. 2013లో దానికై పోర్ట్స్‌మత్‌లో నూతన ప్రదర్శనశాల వెలసినది.

రాజుల యుద్ధాలను గ్రంథాలు చెప్పగలవు. నావికుని దువ్వెన ఎట్టిదో చెప్పినది మాత్రం ఆ బురదయే. దానిని ఓపికతో చదివే భాగ్యం మనకు కల్పించినవారు సెలవుదినాలలో ఈతకు దిగిన ఒక ఊరి సంఘంవారు.