శాంతినికేతనంలో బాలల కళాశిక్షణ

బ్రిటిషు పాలనాకాలంలో పెక్కు బడులలో చిత్రలేఖనమంటే ఎదుటనున్న నమూనాను యథాతథంగా దించడమే. బొమ్మను చూచి బాలుడేమనుకున్నాడో అడిగినవారు అరుదు. 1901లో రవీంద్రనాథ ఠాకూర్ శాంతినికేతనంలో నెలకొల్పిన విద్యాలయం వేరొక దారి తొక్కింది. చెట్ల నీడన పాఠాలతోపాటు పాటలు, నాటకాలు, ఋతూత్సవాలు అక్కడి విద్యలో భాగాలయ్యాయి. సాహిత్యసభలలో పిల్లలు తమ రచనలను అందరి ఎదుట చదివేవారు. వాటిపై అభిప్రాయాలు వినేవారు.

చిత్రకళ విషయంలో ఈ దృష్టిని స్పష్టంగా ప్రతిపాదించినవారు, 1919లో ఏర్పడిన కళాభవనానికి అనతికాలంలోనే సారథ్యం వహించిన నందలాల్ బోసు. విద్యలో కళాస్థానాన్ని గురించిన వ్యాసంలో ఆయన చూపిన ఉదాహరణ గమనార్హం. నిరుపేద సంతాలు గిరిజనుడు తన మట్టియింటిని, కుండలను, చిరిగిన బొంతలను సైతం పొందికగా అమర్చుకుంటాడు. మేడలో నివసించే కళాశాల విద్యార్థి ఖరీదైన వస్తువులను చిందరవందరగా పడవేసుకుంటాడు. పట్టా ఇచ్చిన చదువు కంటికి చూపు నివ్వలేదన్నమాట! కనుక తరగతి గదులలో మంచి చిత్రాలు, శిల్పాలు ఉంచాలనీ, వాటిని గూర్చి పిల్లలకు సుబోధకమైన పుస్తకాలు రావాలనీ, తెలిసిన ఉపాధ్యాయుని వెంట వారిని మ్యూజియములకు పంపాలనీ ఆయన సూచించారు. వీటికి కావలసినది ధనం కంటె శ్రద్ధ. ఫుట్‌బాల్ పోటీలు చూపడానికి పిల్లలను తీసుకొనిపోగల బడికి ఇది కష్టమెట్లవుతుందన్నది నందలాల్ వాదం.