కౌలు: అభయం నుంచి భయం దాకా

ఇంగ్లీషు ‘హజార్డ్’ పాత ఫ్రెంచిలో ఒక పాచికలాట పేరు. చాలామంది నిఘంటుకారులు దాని మూలాన్ని స్పానిష్ మీదుగా అరబ్బీ ‘అజ్జహర్’ దాకా, అంటే పాచిక దాకా తీసుకెళ్తారు. మా పర్చూరు వైపు నల్లరేగడిలో మిరప వేసే మనిషి బతుకు ఆ మాటలో ఇమిడిపోతుంది. అయితే ఆ పాచిక ఎవరి చేతిలో పెట్టారో చెప్పేది అరబ్బీ నుంచే వచ్చిన ఇంకో మాట, కౌలు.

‘ఖౌల్’ అంటే ఇచ్చిన మాట. పూర్వం దఫ్తర్ల పారశీకంలో కౌలు ఒక అభయపత్రం: ఇంత శిస్తు కట్టి సాగు చేసుకో, అంతకు మించి అడగం అని. 1788లో గుంటూరు సర్కారు కుంపిణీ పాలైనా ఆ మాట పోలేదు. అందులోని అభయమే పోయింది.

మా నాన్న మొదట్లో పాలుకు చేసేవాడు. పండితే పొలం ఆసామీ, ఆయనా ఇద్దరూ పంచుకునేవారు, ఎండితే ఇద్దరూ ఓర్చుకునేవారు. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక, పత్తి, మిరప జోరందుకున్నాక, మా ఊళ్లో డబ్బు కౌలు వచ్చింది. ఎకరానికింతని ముందే కట్టాలి. ఆ తర్వాత వాన, పురుగు, యార్డులో ధర, అన్నీ చేసేవాడి నెత్తినే.

1987లో పత్తికి తెల్లదోమ పట్టింది. ఆకు తిప్పితే అడుగున పిండి చల్లినట్టు ఉండేది. జిగురు కారి, దాని మీద మసి పట్టి చేలు నల్లబడ్డాయి. మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఎందరో రైతులు ఆ మందే తాగి చనిపోయారు. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు దిగింది. పువ్వు విప్పి చూస్తే లోపల గింజుకుంటూ కనిపించేవి. పూత రాలింది, నిలిచిన కాయ గిడసబారింది. తోటలు పీకేశారు. కట్టిన కౌలు మాత్రం చాలామందికి వెనక్కి రాలేదు. పొలం ఉన్నవాడికి ఆదాయం ఖాయమై, చెమటోడ్చినవాడికి అప్పు ఖాయం కావడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

కౌలు రైతుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకోటి వచ్చాయి. రెండోది 11 నెలలకు సాగు హక్కు పత్రం ఇస్తుంది. దాని మీద భూయజమాని సంతకం కావాలి. మా పక్క చేను చేసే అతను ఈ ఏడు కూడా సంతకం దొరక్క, పత్రం లేక బ్యాంకు అప్పు పుట్టక, బయట వడ్డీకి తెచ్చి నారు పోశాడు.