వర్చువల్ యంత్రంలో అంతర్జాల టెలిఫోనీ: కాలగణన సమస్య – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
టెలిఫోన్ ఎక్స్ఛేంజి చేసే పనిని సాఫ్ట్‌వేర్ రూపంలో, అదీ ఒక వర్చువల్ యంత్రంలో నడపడం నేడు సర్వసాధారణం. కంప్యూటర్ల వేగం పెరగడమే ఇందుకు కారణమన్న అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయం అసంపూర్ణమని, అసలు చిక్కు వేగానిది కాక కాలగణనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆస్టరిస్క్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రధాన ఉదాహరణగా స్వీకరించి, గడియారపు సంకేతాన్ని ఎవరు అందించాలన్న ప్రశ్నకు వివిధ దశల్లో లభించిన సమాధానాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వర్చువల్ యంత్రం, అంతర్జాల టెలిఫోనీ, ఆస్టరిస్క్, కాలగణన, జిట్టర్ బఫర్.

1. 1974: రెండు ఆరంభాలు

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ వర్చువల్ యంత్రానికి శాస్త్రీయ నిర్వచనమిస్తూ ఒక పత్రాన్ని ప్రచురించారు. భావన అప్పటికే పాతది. ఐబీఎం సంస్థ కేంబ్రిడ్జి శాస్త్రీయ కేంద్రంలో 1960ల మధ్యకాలంలోనే సీపీ-40 రూపొందింది. 1972లో వీఎం/370 విపణిలోకి వచ్చింది. ఒకే పెద్ద కంప్యూటరును పలువురికి, ఎవరి యంత్రం వారిదే అనిపించేలా పంచడం వాటి లక్ష్యం. ఆ అనుభవాన్ని పోపెక్, గోల్డ్‌బర్గ్‌లు సూత్రబద్ధం చేశారు. అసలు యంత్రంపై ఒక ప్రోగ్రాం ఎలా ప్రవర్తిస్తుందో వర్చువల్ యంత్రంలోనూ అలాగే ప్రవర్తించాలన్నది వారి నియమాల్లో ఒకటి. దానికి వారే రెండు మినహాయింపులు చెప్పారు. ఒకటి వనరుల లభ్యత వల్ల కలిగే తేడా, రెండవది కాలాన్ని బట్టి కలిగే తేడా.

ఈ రెండవ మినహాయింపు పైకి చిన్నది. జీతాల పట్టీ తయారుచేసే ప్రోగ్రాం మధ్యలో పది మిల్లీసెకన్లు ఆగినా ఎవరి జీతమూ మారదు. మాట అలా కాదు. నిర్ణీత క్షణానికి వినబడని అక్షరం ఆ తరువాత ఎంత నిర్దుష్టంగా వచ్చినా నిరుపయోగం.

విశేషమేమంటే, అదే 1974లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచార శాస్త్రాల సంస్థకూ, ఎంఐటీ లింకన్ ప్రయోగశాలకూ మధ్య ఆర్పానెట్‌పై మాటను ప్యాకెట్లుగా పంపే ప్రయోగాలు జరిగాయి. డానీ కోహెన్ పేరుతో నెట్‌వర్క్ వాయిస్ ప్రోటోకాల్ 1977లో ఆర్‌ఎఫ్‌సీ 741గా వెలువడింది. ప్యాకెట్లు సమాన వ్యవధిలో రావు కనుక, వినేవైపు వాటిని కొద్దిసేపు నిలువ ఉంచి సమగతిలో వినిపించాలి. ఈ నిలువనే తరువాతి కాలంలో జిట్టర్ బఫర్ అన్నారు. కాలానికి కట్టుబడనక్కరలేదన్న యంత్రమూ, కాలమే ప్రాణమైన మాటా ఒకే ఏడాది తమ తమ రూపాలు దిద్దుకున్నాయి. అవి ఎదురుపడటానికి పాతికేళ్లు పట్టింది.

2. ఇరవై మిల్లీసెకన్ల లెక్క

టెలిఫోన్ రంగంలో వాడుకలో ఉన్న జి.711 పద్ధతిలో మాటను సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలత 8 బిట్లు, అంటే సెకనుకు 64 కిలోబిట్లు. అంతర్జాలంపై సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాటను ఒక ప్యాకెట్‌గా కడతారు. అందులో 160 కొలతలుంటాయి. సెకనుకు 50 ప్యాకెట్లు. ఈ పనికి కావలసిన గణనశక్తి స్వల్పం. కావలసిందల్లా తప్పిపోని లయ.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఒక ఫోను పంపిన ప్యాకెట్‌ను రెండవ ఫోనుకు అందించడం వరకే అయితే సాఫ్ట్‌వేర్‌కు సొంత గడియారం దాదాపు అక్కరలేదు. 1996లో ప్రమాణీకృతమైన ఆర్‌టీపీ ప్రతి ప్యాకెట్‌పైనా కొలతల లెక్క ప్రకారం కాలముద్ర వేస్తుంది. ఆ ముద్రను వేసేది పంపే ఫోను. సాఫ్ట్‌వేరే ధ్వనిని పుట్టించవలసి వచ్చినప్పుడు మాత్రం గడియారం తప్పనిసరి. ముందే రికార్డు చేసిన ప్రకటన, వేచి ఉన్నవారికి వినిపించే సంగీతం, నలుగురి మాటలను కలిపే సమావేశం ఈ కోవలోనివి. చరిత్రలో ఫిర్యాదులన్నీ ఈ మూడింటి చుట్టూ తిరగడం యాదృచ్ఛికం కాదు.

3. కార్డులోని గడియారం

మార్క్ స్పెన్సర్ 1999లో ఆస్టరిస్క్‌ను ప్రారంభించాడు. సాధారణ టెలిఫోన్ లైన్లను కంప్యూటరుకు కలిపే కార్డులు జిమ్ డిక్సన్ చేపట్టిన జపాటా ప్రాజెక్టు నుంచి వచ్చాయి. వాటిని నడిపే జాప్‌టెల్ అనే డ్రైవరు సెకనుకు 1,000 ఇంటరప్ట్‌ల లయపై పనిచేసేది. మిల్లీసెకనుకొకసారి కార్డు కంప్యూటరును తట్టి ఎనిమిదేసి కొలతలు ఇచ్చిపుచ్చుకునేది. ఆ తట్టే లయ కార్డులోని స్ఫటికం నుంచి గానీ, లైనుకు అవతల ఉన్న టెలిఫోన్ సంస్థ గడియారం నుంచి గానీ వచ్చేది. మీట్‌మీ అనే సమావేశ సదుపాయం ఈ లయ లేనిదే నడిచేది కాదు.

కార్డు లేనివారి కోసం జెడ్‌టీడమ్మీ అనే డ్రైవరు పుట్టింది. పేరుకు తగినట్టే అది కార్డు ఉన్నట్టు నటిస్తుంది. లినక్స్ 2.4లో యూఎస్‌బీ నియంత్రకం నుంచి, 2.6లో కెర్నెల్ టైమరు నుంచి లయను అరువు తెచ్చుకుంటుంది. అదీ లేనిచోట ఆస్టరిస్క్ మరొక ఉపాయం పన్నింది. అవతలివారి నుంచి ప్యాకెట్ వచ్చినప్పుడల్లా తాను ఒక ప్యాకెట్ పంపేది. ఇందులో ఒక చిత్రమైన లోపముంది. వినే వ్యక్తి మౌనంగా ఉన్నప్పుడు ప్యాకెట్లు పంపని రకం ఫోను అయితే, అతడు మౌనం వహించగానే అతనికి వినిపించే ప్రకటన కూడా ఆగిపోయేది!

4. అతిథి యంత్రంలో తప్పిన లయ

ఆస్టరిస్క్ పుట్టిన 1999లోనే వీఎంవేర్ సంస్థ సాధారణ పర్సనల్ కంప్యూటరుపై వర్చువల్ యంత్రాన్ని నడిపే వర్క్‌స్టేషన్‌ను విడుదల చేసింది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి జెన్ వచ్చింది; 2007లో లినక్స్ కెర్నెల్‌లో కేవీఎం చేరింది. వర్చువల్ అన్న మాటకు తెలుగులో ‘మిథ్యా’ అనడం కొందరికి రుచించదు. అయితే మిథ్య అంటే అబద్ధం కాదనీ, వ్యవహారంలో సత్యమనీ తెలిసినవారికి ఆ పదం అతకనిదేమీ కాదు. లోపల నడిచే ప్రోగ్రాముకు ఆ యంత్రం పూర్తిగా వ్యావహారిక సత్యమే. గడియారం దగ్గరే ఆ వ్యవహారం చెడింది.

లినక్స్ 2.6 తొలి సంచికల్లో కెర్నెల్ సెకనుకు 1,000 సార్లు గడియారపు ఇంటరప్ట్‌ను ఆశించేది. వర్చువల్ యంత్రంలో ఆ ఇంటరప్ట్‌ను అందించవలసింది ఆతిథేయ వ్యవస్థ. ఒకే ప్రాసెసరును నాలుగు అతిథి యంత్రాలు పంచుకుంటే, ఒకటి నడుస్తున్నప్పుడు తక్కిన మూడూ నిద్రలో ఉంటాయి. ఆ నిద్రలో రావలసిన ఇంటరప్ట్‌లు పోగుపడతాయి. మేల్కొన్నాక వాటిని వదిలేస్తే అతిథి గడియారం వెనుకబడుతుంది. ఒక్కసారిగా అందిస్తే గడియారం సరిపోతుంది గానీ, ఇరవైయేసి మిల్లీసెకన్ల ఎడంతో వెళ్లవలసిన ప్యాకెట్లు గుంపుగా వెళతాయి. ఫైలుపై తేదీ వేయడానికి రెండవ మార్గం చాలు, మాటకు చాలదు. తేదీ సరిగా ఉండటం, లయ సరిగా ఉండటం వేర్వేరు విషయాలన్న సంగతిని వర్చువల్ యంత్రంలోని టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ స్పష్టంగా బయటపెట్టింది. ప్రాసెసరు సగం ఖాళీగా ఉన్నప్పుడు కూడా సమావేశంలో మాట తెగిపోవడానికి కారణమిదే. వేగవాదం ఈ పరిస్థితిని వివరించలేదు.

5. గడియారం చేతులు మారిన తీరు

పరిష్కారం ఒక్కచోటి నుంచి రాలేదు. లినక్స్‌లో 2006లో సూక్ష్మ టైమర్లు, 2007లో అవసరమైతేనే ఇంటరప్ట్‌ను కోరే పద్ధతి వచ్చాయి. అతిథి నిమిత్తం లేకుండా వెయ్యిసార్లు లేవనక్కరలేకపోయింది. తాను అతిథినని ఎరిగి, ఆతిథేయినే కాలమడిగే కేవీఎం-క్లాక్ వంటి ఏర్పాటు వచ్చింది. ఆస్టరిస్క్ వైపు నుంచి 1.6.1 సంచికలో కాలసంకేతాన్ని వేరే మాడ్యూళ్లకు అప్పగించారు. అప్పటికి డాహ్‌డీగా పేరు మారిన జాప్‌టెల్‌తో పనిలేకుండా లినక్స్ టైమరును నేరుగా వాడుకోవడం సాధ్యమైంది. మీట్‌మీకి బదులు కాన్ఫ్‌బ్రిడ్జ్ వచ్చింది. లయ కార్డును విడిచి కెర్నెల్‌కు చేరింది.

కార్డు తొలగడానికి మరో షరతు కూడా ఉంది: ఊళ్లోని మామూలు ఫోనుకు అంతర్జాలం మీదుగానే చేరగలగాలి. భారతదేశంలో ఇది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. 2002 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాల టెలిఫోనీకి పరిమిత అనుమతి లభించింది. కంప్యూటరు నుంచి కంప్యూటరుకూ, కంప్యూటరు నుంచి విదేశంలోని ఫోనుకూ మాట్లాడే వీలు కలిగింది. దేశంలోని సాధారణ ఫోనుకు మాత్రం అప్పట్లో ఆ వీలు లేదు. ఆ నిబంధన ఉన్న కాలంలో హైదరాబాదు నుంచి అమెరికాలోని ఫోనుకు అంతర్జాలంపై చేసిన పిలుపు చట్టబద్ధంగా ఉండేది, వరంగల్లులోని ఫోనుకు చేసినది కాదు. దేశీయ ఫోన్లతో మాట్లాడవలసిన సంస్థకు లైను, దాన్ని అందుకునే కార్డు లేదా గేట్‌వే తప్పలేదు. సాఫ్ట్‌వేర్ సిద్ధమైనా కార్డును నిలిపి ఉంచినది నిబంధన.

పెద్ద సంస్థల ధోరణి మరింత ఆలోచింపజేస్తుంది. సిస్కో 2010లో తన పిలుపుల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను వర్చువల్ యంత్రాలపైకి తెచ్చింది. 2013 నాటి 10.0 సంచికను వర్చువల్ యంత్రాలపై మాత్రమే నడిపేలా చేసింది. అయితే అతిథికి కేటాయించిన ప్రాసెసరు కోర్‌ను మరొక అతిథితో పంచుకోకూడదని షరతు పెట్టింది. వీఎం/370 నాటి ఆశయం పంచుకోవడమే. టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ ఆ యంత్రంలోకి ప్రవేశించింది గానీ, తన కాలాన్ని పంచుకోవడానికి అంగీకరించలేదు.

మిగిలిన సర్దుబాటు వినేవారి చెవి దగ్గర జరిగింది. 2005లో జెన్ పరిశోధకులు, నడుస్తున్న వర్చువల్ యంత్రాన్ని ఆపకుండా ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు తరలించవచ్చని చూపారు. వారు నమోదు చేసిన అతి తక్కువ అంతరాయం 60 మిల్లీసెకన్లు. టెలిఫోన్ లెక్కలో అది మూడు ప్యాకెట్లు. అటువంటి తరలింపు సాగుతుండగా మాట్లాడుకుంటున్న ఇద్దరిలో వినేవారి ఫోనుకు తెలిసేది మూడు ప్యాకెట్లు ఆలస్యమయ్యాయని మాత్రమే. ఆ ఆలస్యం దారిలో జరిగిందో, యంత్రం నిద్రలో జరిగిందో అది విడదీసి చూడదు. 1970లలో ఆర్పానెట్ ఆలస్యాల కోసం ఊహించిన నిలువ, అతిథి యంత్రపు నిద్రకు కూడా సరిపోయింది.