‘ప్లీజ్ ప్లీజ్ మీ’: మూలపాఠ విచారం

బీటిల్స్ తొలి ఆల్బమ్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ (1963) పుట్టుక వేదికతో ముడిపడినది. నిర్మాత జార్జ్ మార్టిన్ మొదట లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్ కచేరీనే రికార్డు చేయదలచి, అక్కడి ధ్వని అనుకూలించదని విరమించుకున్నాడు. హెలెన్ షపీరోతో సాగుతున్న పర్యటన విరామంలో, ఫిబ్రవరి 11న, లండన్ ఇ.ఎం.ఐ. స్టూడియోలో 10 పాటలు ఒక్కరోజులో పూర్తయ్యాయి. (మిగిలిన నాలుగూ అప్పటికే సింగిల్స్‌గా వెలువడినవి.) జలుబుతో ఉన్న లెనన్ గొంతు తట్టుకోదని ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను చివరికి ఉంచారు, ఆ బొంగురుతనమే దానికి ప్రాణం.

రెండు ట్రాకుల టేపులో గాత్రవాద్యాలను వేరుచేసింది మోనోలో వాటి పాళ్లు కుదుర్చుకోవడానికే. 1987 నాటి సీడీ ఆ మోనోనే నిలిపింది. 2009 పునర్విడుదలలో స్టీరియో ముందుకు వచ్చింది: గాత్రం ఒక చెవికి, వాద్యం మరో చెవికి. పాఠపరిష్కరణ దృష్టిలో మోనోయే మూలపాఠం. అదేమో ఆ ఏడాది బాక్స్ సెట్ కొన్నవారికే దక్కింది.