దాహమన్నవారికి నీళ్ళు

1918 అక్టోబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమును ఒక్కసారి తలంచుకొనండి. సెప్టెంబరు 28న యుద్ధ బాండ్ల ఊరేగింపు చూడటానికి సుమారు 2 లక్షల మంది వీధులలో గుమికూడారు. కొద్ది దినములకే ఇన్‌ఫ్లుయెంజాతో ఆసుపత్రులు నిండిపోయాయి. పాఠశాలలు, నాటకశాలలు, చివరకు దేవాలయములు కూడ మూతబడ్డాయి. టెలిఫోను ఆపరేటర్లు సైతం మంచం పట్టగా, అత్యవసరమైతే తప్ప ఫోను చేయవద్దని కంపెనీ ప్రజలను వేడుకొన్నది.

మరి రోగులను చూచేదెవరు? డాక్టర్లు, నర్సులు అనేకులు యుద్ధసేవకు వెళ్ళిపోయి ఉన్నారు. 2021లో ఆసుపత్రి మంచం కోసం తిరిగిన మీకు ఆ దిగులు నేను వేరే చెప్పనక్కరలేదు.

అప్పుడు ఆర్చిబిషప్ డౌగర్టీ గారు కాన్వెంట్లలోని సిస్టర్లకు అనుమతి ఇచ్చారు. 2,000 మందికి పైగా బయలుదేరారు. వారిలో ఎక్కువమంది బడిలో పాఠాలు చెప్పే టీచర్లే. నర్సింగ్ నేర్చినవారు కారు. ఏమి చేశారంటారా? దాహమన్నవారికి నీళ్ళిచ్చారు, పక్కలు మార్చారు, ఒళ్ళు తుడిచారు, ఆహారం తినిపించారు. ఆ జబ్బును నయం చేసే మందు ఆనాడు ఏ డాక్టరు యొద్దను లేదు గనుక, నా మట్టుకు ఇదే అసలైన వైద్యం.

సిస్టర్లలో 23 మంది ప్రాణాలు విడిచారు. సమాధులు త్రవ్వేవారు చాలక, సెమినరీ విద్యార్థులే పారలు పట్టుకొని సమాధుల తోటకు వెళ్ళారు.