గాలి కమానుల కథ

గాలికి స్ప్రింగు గుణము గలదని రాబర్టు బాయిల్ 1660వ సంవత్సరముననే వ్రాసెను. ఆయన అప్పుడు ప్రకటించిన గ్రంథము పేరులోనే "గాలి స్ప్రింగు" అను మాట ఉన్నది. రెండేండ్ల తరువాత వెలువడిన బాయిల్ నియమము మన విద్యార్థులు ఎరిగినదే: ఉష్ణోగ్రత మారనిచో, ఘనపరిమాణము సగమైనపుడు పీడనము రెట్టింపగును. అయినను ఆ స్ప్రింగుపై పెద్ద బండ్లను నిలుపుటకు చాల కాలము పట్టినది. అమెరికాలో జనరల్ మోటార్సు వారు దూరప్రయాణపు బస్సులకు గాలి కమానులు అమర్చినది 1953లో.

ఈ ఆలస్యమునకు ఒక కారణము తేలికగనే ఊహింపవచ్చును. ఉక్కు కమాను విరుగునే గాని కారిపోదు, గాలి కారిపోవును.

మరి ఆ చిక్కును కోరి తెచ్చుకొనుట ఎందుకు? మోటారు హోమును చూడుడు. ఇది వంటగది, పడకలు, నీటితొట్టి గల ఇంటిని మోయు బండి. ఒక రబ్బరు తిత్తిపై 1200 కిలోగ్రాముల బరువు పడుచున్నదనియు, తిత్తి వైశాల్యము 300 చదరపు సెంటీమీటర్లనియు అనుకొందము. వాతావరణ పీడనమునకు మించి, చదరపు సెంటీమీటరుకు 4 కిలోగ్రాముల పీడనము చాలును. తొట్టి నింపగా ఆ తిత్తిపై మరి 300 కిలోగ్రాములు పడినచో, పీడనమును 5కు పెంచిన బండి మునుపటి ఎత్తుననే నిలుచును. ఉక్కు కమానుకు ఈ వెసులుబాటు లేదు. ఖాళీ బండికి మెత్తగా నున్నది బరువుకు కుంగును. బరువుకు తగినది ఖాళీ బండిని ఎగురవేయును. గాలి కమానులోనో, పీడనముతో పాటు బిగువు కూడ పెరుగును గనుక ఊగుడు వేగము అంతగా మారదు.

పీడనమును సరిచేయునది ఒక చిన్న కవాటము. బండి కుంగినపుడు ఇరుసుకు తగిలించిన మీట దానిని త్రిప్పి గాలిని లోనికి పంపును. లేచినపుడు వెలుపలికి వదలును. ఈ కథలో కథానాయకుడు తిత్తి కాదు, ఈ కవాటమే అని నా అభిప్రాయము. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోహామ్ కారుకు గాలి కమానులు పెట్టగా, అవి కారుచుండుటచే పలువురు యజమానులు వాటిని తీసివేసి ఉక్కు స్ప్రింగులు వేయించుకొనిరి.

1973 నుండి 1978 వరకు వెలువడిన జి.ఎం.సి. మోటారు హోములో మరొక చమత్కారము గలదు. ఎంజిను ముందు చక్రములనే త్రిప్పును. వెనుక ఒక్కొక్క ప్రక్క రెండు చక్రములు ఒకదాని వెనుక ఒకటి ఉండగా, వాటి నడుమ అడ్డముగ పరుండిన ఒకే తిత్తి రెండింటికిని కమాను అయినది. ఇరుసు అడ్డులేనందున నేల తక్కువ ఎత్తున అమరినది.

పెద్ద మోటారు హోములలో బ్రేకులకును సంపీడిత గాలియే ఆధారము. ఇచట గాలి కారుట ప్రాణాపాయము గదా! దీనికి జవాబు రైళ్ళనుండి వచ్చినది. జార్జి వెస్టింగ్‌హౌస్ 1869 నాటి బ్రేకులో గొట్టము తెగినచో బ్రేకే లేదు. 1872లో ఆయన దానిని తలక్రిందులు చేసెను: గొట్టములో పీడనము తగ్గిననే బ్రేకు పడును. నేటి పెద్ద బండ్ల నిలుపుడు బ్రేకులోను ఇదే నీతి. బలమైన ఉక్కు స్ప్రింగు చక్రమును పట్టుకొనియుండగా, గాలి దానిని వెనుకకు నెట్టి విడిపించును. అందుచే గాలి పోయిన బండిని నడుపువాడు, పీడనమాపకము తగిన అంకె చూపువరకు కదలరాదు.

తిత్తులకు అట్టి రక్షణ లేదు. గాలి పోయిన బండి కుంగును. క్రింద దూరి పని చేయు మెకానిక్కు ముందుగా చట్రమునకు ఉక్కు ఆనికలు పెట్టుటకు కారణమిదే.